నెమళ్ల మీద పచ్చిపూత

ఈ పొద్దున కల్లూరులో మా ఎదురింటి కొత్త తలుపులకు వార్నిష్ వేస్తున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, వాకిట్లోకి వచ్చి ఆకాశం చూశాను. మబ్బు లేదు. పెయింటరు నన్నూ ఆకాశాన్నీ మార్చి మార్చి చూశాడు. పాత కట్టడాల మీది పింగాణీ పలకలను బాగుచేయడం నా వృత్తి. ఆ వాసనకు మబ్బులు వెతకడం మాత్రం ఆలూరు దగ్గర మా మేనత్త ఊళ్లో అంటుకున్న జబ్బు.

అత్త ఇంటి ముందుగోడ మీద, పిట్టగోడకు కాస్త కిందగా, రెండు నెమళ్లుండేవి. పత్తి వ్యాపారం బాగా సాగిన కాలంలో ఆమె మామగారు తెప్పించి పొదిగించిన రంగుల పలకలవి. నిజం చెప్పాలంటే మెడ సాగిన కోళ్లలా ఉండేవి. ఆ మాట అత్త ముందు అన్నవాళ్లకు రెండో గ్లాసు మజ్జిగ దొరికేది కాదు. ఎప్పుడో గోడకు మరమ్మతు చేసినప్పుడు ఉప్పు బోరునీళ్లు వాడారట. ఆ ఉప్పు లోపలినుంచి ఊరి, పలకల మీది నీలం పెచ్చులుగా లేస్తోంది. అత్త కొడుకు, నాకు బావ, గోడంతా గ్రానైటు వేయిస్తానన్నాడు. అత్త పట్టుబట్టి నన్ను పిలిపించింది. "ఒకసారి చూడుమ్మే. నిలిస్తే ఉంటాయి, ల్యాకుంటే కొట్టిస్తా" అన్నాడు బావ.

తడి కాగితపు గుజ్జు పట్టించి ఉప్పు లాగాను. గోడ ఆరింది. ఇక మిగిలింది పూత. అద్దంలా కనిపించే జిగురును వార్నిష్ ఘాటు కొట్టే ద్రావకంలో కరిగించి సన్న కుంచెతో అద్దితే అది పెచ్చులను పట్టి ఉంచుతుంది, వాననీటిని లోపలికి పోనివ్వదు. పచ్చిగా ఉండగా తడి తగిలితే మాత్రం పాలలా తెల్లబడుతుంది. అందుకు ఎండ నిలవాలి. ఆ ఏడు ఎండకేం కొదవ లేదు. తొలకరికి వేరుశనగ బుడ్డలు విత్తించి వాన మొహం చాటేసింది. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగాల్సిన చేలు వాడిపోతున్నాయి. ఊళ్లో ఎవరు ఎదురైనా మబ్బు మాటే. వాళ్ల మధ్య ఎండ నిలవాలని కోరుకునేది నేనొక్కదాన్నే. అది మొహంలో కనపడుతుందేమోనని తల వంచుకుని తిరిగేదాన్ని.

పూత ముగిసిన మధ్యాహ్నం పడమట నల్లగా లేచింది. నేనింకా పరంజా మీదే ఉన్నాను. బావ మబ్బుకు చేతులు జోడించి, ఆపైన నన్ను చూశాడు.

"ఏమ్మే, రాకూడదని మొక్కుతాండావా?"

అతను నవ్వలేదు. "టార్పాలిన్ కట్టాలి బావా" అని మాత్రం అన్నాను. బావ మరోసారి పడమటకు చూశాడు. తర్వాత ట్రాక్టరు మీది టార్పాలిన్ భుజాన వేసుకుని పైకెక్కాడు. పైన ఇద్దరం చెరో కొసా పట్టాం, కింద అత్త దానికి కట్టిన తాడు పట్టుకుంది. దుమ్ముతో వచ్చిన గాలి టార్పాలిన్‌ను ఉబ్బించేసరికి పరంజా గోడను వదిలి ఊగింది. నా కాలికింది చెక్క జారింది. తాడు అత్తను ముందుకు ఈడ్చింది.

"అమ్మా, ఇడ్సు!" బావ అరిచాడు.

"ఇడ్సను! నా నెమళ్లురా అవి!"

ఇంకో విసురు వస్తే పరంజా మా ఇద్దరితో సహా ఆమె మీదే పడుతుంది. నడుముకున్న కత్తి తీసి తాడు కోసేశాను. టార్పాలిన్ మా చేతుల్లోంచి ఊడి, ఎగిరి ఎదురింటి మిద్దె మీద పడింది. వెంటనే వాన మొదలైంది.

కిందికి దిగాను. బావ వాకిట్లో తడుస్తూ నవ్వబోయి, నన్ను చూసి ఆపుకున్నాడు. మా కళ్లెదుటే నీలం నెమళ్లు తెల్లబడ్డాయి. అత్త అరచేతులు తాడు ఒరుసుకుని ఎర్రగా కందిపోయాయి.

"ఎందుకు కోస్తివే?"

"నీ మీద పడతాదని, అత్తా."

ఆమె అరచేతులు వానకు పట్టింది. "ఊడలు దిగుతాయి లే" అంది, కొడుకుతో. నాతో ఆ రోజంతా మాట్లాడలేదు.

గోడ ఆరాక ఆ తెల్లపొరను ద్రావకంతో కరిగించి తీశాను. దాంతోపాటు ఒక నెమలి మెడ మీది నీలం కొంత ఊడివచ్చింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ అతకలేదు. బుడ్డలు ఇల్లు చేరాక, చలికాలపు పొడిగాలిలో కొత్త పూత వేశాం. ఈసారి పిలవకుండానే బావ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. గ్రానైటు మాట మళ్లీ ఎత్తలేదు, అత్త పోయాక కూడా.

కొన్నేళ్లకోసారి పూత అరుగుతుంది, వెళ్లి మళ్లీ వేస్తాను. "ఇంకా ఎన్నాళ్లుంటాయి ఇవి?" అని బావ ప్రతిసారీ అడుగుతాడు. మనం పైకెక్కి పూసినన్నాళ్లు అంటాను. ఆ మాట తర్వాత ఇద్దరం గోడను వదిలి, అరుగుతున్న మా మోకాళ్ల వంక చూసుకుంటాం.