బావ గోడ మీది కార్డులు

మా పెద్దక్క మొగుడికి షార్ట్‌వేవ్ రేడియో పిచ్చి. ఆ పిచ్చి నాకు అంటించిందీ ఆయనే. టంకం పెట్టడం, తీగ ఎంత పొడవు కట్టాలో చూసుకోవడం, గరగరలోంచి గొంతు ఏరుకోవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నదాంతో ఆయన్ని ఏం చేశానో చెప్తాను. నన్ను మంచివాడనుకుంటూ మాత్రం చదవకండి.

ఆయన టెక్కలి టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేశాడు. కిడ్నీలు పాడై, ముందే ఉద్యోగం మానేసి, కంచిలి దగ్గర కొబ్బరితోటలోని ఇంటికి వచ్చేశాడు. మా ఉద్దానంలో అదేం వింత కాదు. ఇద్దరు ఎదురుపడితే తిన్నావా అని అడిగినట్టే, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. ఆయన మాత్రం ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు. "రగతం సంగతి డాకటరు సూసుకుంతాడు. నా సెవులు బాగున్నాయి, సాలు" అనేవాడు.

ఆయన దగ్గర పాత వాల్వుల రిసీవరుండేది. ఇద్దరు పడితే గానీ కదిలేది కాదు. తుఫానుకి పడకుండా మిగిలిన రెండు కొబ్బరిచెట్ల మధ్య రాగితీగ కట్టి దాంతో వినేవాడు. ఏ దేశపు స్టేషనో దొరికితే చాలు, ఏ టైముకి ఏ పాట వచ్చింది, ఎవరు మాట్లాడారు, సిగ్నల్ ఎంత బలంగా ఉంది, అన్నీ రాసి ఆ స్టేషనుకి ఉత్తరం వేసేవాడు. వాళ్లు సరిచూసుకుని, నిజమే, నువ్వు విన్నది మమ్మల్నే అని ఒక రంగుల కార్డు పంపుతారు. అలాంటి కార్డులు గోడ నిండా అతికించాడు. ఒక్క దక్షిణ అమెరికా నుంచి మాత్రం ఏదీ లేదు. దానికని గోడ మధ్యలో అరచెయ్యంత చోటు ఖాళీగా ఉంచాడు. "అది కూడా ఎట్టీసినాక నాను పోయినా పర్లేదు" అనేవాడు, మా అక్క పక్కనే ఉన్నా సరే.

నాకు అంత ఓపిక లేదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాని. విశాఖలో పాతసామాన్ల కొట్లో ఒక స్కానర్ కొన్నాను. చేతిలో పట్టేంత ఉంటుంది, ఛానెళ్లు దానంతటదే వెతుక్కుంటూ పోతుంది. రైలు గార్డు డ్రైవరుతో మాట్లాడేది, సముద్రంలో పడవలవాళ్లు వలల కోసం తిట్టుకునేది, అన్నీ వినబడతాయి. గొప్పగా తీసుకెళ్లి చూపిస్తే బావ ఒక్క నిమిషం విని పక్కన పెట్టేశాడు.

"ఏటి బామ్మర్దీ, పక్కింటోల గోడకి సెవి ఎట్టి ఇన్నట్టుంది. దీన్ని కూడా రేడియో అంతారేటి?"

అక్క నవ్వింది. బావాబామ్మర్దుల వేళాకోళం మా వైపు మామూలే, ఎంత మాటన్నా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆయన అక్కడితో వదిలితేగా! ఇంటికొచ్చిన ప్రతివాడికీ "మావోడు పలాస గార్డుని పట్టీసినాడర్రా" అని చెప్పేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ చలికాలంలోనే ఒక తెల్లారుజామున, పలాసలో నా అద్దెగది డాబా మీద, స్కానర్ కాకుండా నా దగ్గరున్న చిన్న షార్ట్‌వేవ్ రిసీవర్లో దక్షిణ అమెరికా కొండల్లోని ఒక బుల్లి స్టేషన్ దొరికింది. గిటారు, గంట, ఒక ఆడమనిషి గొంతు, స్టేషన్ పేరు రెండుసార్లు. అరగంట టేపు చేసుకున్నాను. ఉత్తరం రాసి పంపాను. బావకి చెప్పలేదు, కార్డు వచ్చాక మొహాన కొట్టొచ్చని దాచుకున్నాను. మూడు నెలలు ఎదురుచూశాను. రాలేదు.

అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. టేపులోది రేడియోకి వినబడేలా పంపే అగ్గిపెట్టంత సర్క్యూట్ ఒకటి తయారుచేశాను. దాని సిగ్నల్ వంద గజాలు కూడా పోదు. దాన్ని ఆ స్టేషన్ ఫ్రీక్వెన్సీకే కట్టి, టేప్‌రికార్డర్ తగిలించాను. రోజూ తెల్లారి బావ వెతికేది ఆ బ్యాండేనని నాకు తెలుసు. ఒక శనివారం రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, ఆదివారం ఆయన కంటే ముందే లేచి, రాగితీగ కింద కొబ్బరిమట్టల మాటున దాన్ని పెట్టి, టేపు వేసి వచ్చి, వేపపుల్ల నములుతూ ఆయన పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి ఆయన వేళ్లు నాబ్ మీద ఆగిపోయాయి.

"ఒలే! ఒలే, ఇలా రా!" అని అక్కని కేకేశాడు. "అదేనే... వచ్చీసినాది!"

పెన్సిలందుకుని కాగితం మీద పడ్డాడు. అక్క కాగితం కదలకుండా పట్టుకుంది. గిటారు, గంట, ఆడమనిషి గొంతు, ఒక్కటి వదలకుండా రాశాడు. టేపు అయిపోయేసరికి ఏడుస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. అబద్ధమెందుకు, పుల్ల గట్టిగా కొరికి ఆపుకున్నాను.

టీ తాగేటప్పుడు చెప్పేద్దామనే అనుకున్నాను. ఆయన గ్లాసు అందుకుంటూ, "నీ డబ్బాలో ఇది వత్తాదేటి?" అన్నాడు. ఛీ, చెప్పను పో, అనుకున్నాను. ఉత్తరం వెళ్లనీ, ఆ రోజు మేం ఆ పాటే వెయ్యలేదని వాళ్లే రాస్తారు, అప్పుడు ఊరంతా నవ్వుతుంది. ఆ ఉత్తరం పోస్టు చేసింది కూడా నేనే.

నాలుగు నెలలకి కార్డు వచ్చింది.

నాకు కాదు, ఆయనకి! అక్కడెవరో పుణ్యాత్ముడు తారీఖు సరిచూడకుండానే, ఇంత దూరంలో విన్నారా అని మురిసిపోయి, చేత్తో సంతకం పెట్టి పంపాడు. నిజంగా విన్నవాడికి లేదు, నా టేపు విన్నవాడికి వచ్చింది.

అప్పటికి ఆయన వారానికి రెండుసార్లు విశాఖ వెళ్లి రక్తం కడిగించుకొస్తున్నాడు. చెయ్యి వాచిపోయి ఉంది. ఆ చేత్తోనే గోడ మధ్యలో కార్డు అతికించి, వచ్చినవాళ్లందరిచేతా చదివించాడు. నేను వెళ్లేసరికి ఇంటి నిండా జనం. సర్క్యూటూ టేప్‌రికార్డరూ నా సంచిలోనే ఉన్నాయి, కావాలనే తెచ్చాను.

"రా గార్డుబాబూ, రా. సెవులంటే ఇయీ! నీకున్నయి సెవులు కావు, జీడిపిక్కలు" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. నేను సర్క్యూట్ తీసి ఆయన ఒళ్లో పెట్టాను. టేపు వేశాను. గిటారు, గంట, ఆడమనిషి గొంతు.

"మట్టల కింద పెట్టింది నేనే బావా. నువ్వు విన్నది అమెరికా కాదు, మీ తోట" అన్నాను. అప్పుడు నాకెంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

ఎవరూ నవ్వలేదు. ఒకాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. బావ తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి, టంకం చుక్కల మీద వేలు పెట్టి, "బాగా ఎట్టినావు" అన్నాడు. తర్వాత గోడ మీది కార్డులన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్లాడు.

"ఇంకా ఏవి?" అన్నాడు.

"ఇదొక్కటే బావా. అక్క మీద ఒట్టు."

"ఏవో సెప్పీరా. నానేటీ అన్ను."

"ఇదొక్కటేనంటుంటే!"

తలూపాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఆ పూట నా ఒట్టుకి విలువేముంది గనక?

మర్నాడే రిసీవరు మీద దుప్పటి కప్పించేశాడు. కార్డులన్నీ అక్కచేత ఊడదీయించాడు. తర్వాత నేను రెండు మూడుసార్లు వెళ్లాను. వానల గురించి మాట్లాడాడు, జీడిపూత గురించి మాట్లాడాడు. రేడియో మాట ఎత్తలేదు. ఎండలు ముదరకముందే పోయాడు.

దినాలయ్యాక అక్క రెండు కట్టలు తెచ్చింది. కార్డులన్నీ ఆయనే వేరుచేసి, కొబ్బరితాడుతో కట్టించాడట. సన్నటి కట్ట మీద ఆయన చేత్తో రాసిన చీటీ, "నావి" అని. తిప్పి తారీఖులు చూశాను. అన్నీ నాకు టంకం పెట్టడం నేర్పకముందు వచ్చినవి. ఆ కట్టని అక్క లాక్కుని ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. లావుపాటిది నా ఒళ్లో పడేసింది.

"ఇయి నీవంట. ఒట్టుకెల్లిపో."

ఆ కట్టలో అరవైమూడు కార్డులున్నాయి. నేను చేసింది ఒక్కటే.