రాసింది చదువుకునే పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాటలకు కరువు. ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ పై వాటాలో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాకు ఊహ తెలియక ముందే నాన్న పోయారు. అమ్మ సినిమాలకు డబ్బింగ్ చెప్పేది. ఎందరో హీరోయిన్లు మా అమ్మ గొంతుతోనే నవ్వారు, ఏడ్చారు, అలిగారు. ఆ గొంతు మీదే ఇల్లు నడిచేది కాబట్టి ఇంట్లో దాన్ని పొదుపుగా వాడేది. మర్నాడు ఏడుపు సీన్లున్నాయంటే పెదవి విప్పేదే కాదు. గోరువెచ్చని నీళ్ళు తాగుతూ, తినమన్నా చదువుకోమన్నా అన్నీ చేతి సైగలే. అమ్మ గొంతు వినాలనిపిస్తే నేను టీవీ పెట్టుకునేదాన్ని. అందులో ఎవరో అమ్మాయి ఎవరి దగ్గరో మా అమ్మ గొంతుతో గారాలు పోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక నిర్మాతగారు అమ్మకు ఇంట్లో వాడుకునే డిస్కు రికార్డరు బహుమతిగా ఇచ్చారు. మైకులో మాట్లాడితే సీడీ మీద రాసే పెట్టె. ఒకరోజు బడి నుంచి వచ్చి, దాని ముందు కూర్చుని నా మనసులో ఉన్నదంతా చెప్పేశాను. ఒక్కదాన్నే ఉండాలంటే భయంగా ఉందని, రోజుకు ఒక్క మాటైనా నాతో నీ గొంతుతో మాట్లాడమని. సీడీ మీద 'అమ్మకు' అని రాసి ఆవిడ దిండు మీద పెట్టాను. మర్నాడు ఎదురుచూశాను. ఆ మర్నాడూ చూశాను. అమ్మ ఎప్పటిలాగే నా తల నిమిరి కంచం వైపు చూపించింది, అంతే. అమ్మకు నేను అక్కరలేదనుకున్నాను. అలిగి నేనూ మాట్లాడటం మానేస్తే, గొంతు నొప్పేమోనని నా మెడ తడిమి చూసింది.

కింది వాటాలో ఒక బాబాయి స్టూడియోల వాళ్ళకు సీడీలు రికార్డు చేసి ఇచ్చేవాడు. అక్కడ యంత్రాల రొదైనా ఉంటుందని సాయంత్రాలు వెళ్ళి కూర్చునేదాన్ని. ఆయన దగ్గరున్న పెద్ద ఇనుప పెట్టె ధర విన్నవాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. అసలే చిరాకులో ఉన్నానేమో, మా ఇంట్లోదీ సీడీయే రాస్తుంది కదా, దీనికేం కొమ్ములున్నాయని అంత ధర అని అడిగేశాను.

 ఆయన మా పెట్టెను కిందికి తెప్పించాడు. రెండింటిలోనూ ఒకే పాట రాయించాడు. మాది ముందే ముగించి సీడీ బయటికి ఇచ్చేసింది. నేను గెలిచినట్టు చూశాను. పెద్దది మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఇంకా ఏం చేస్తోంది బాబాయ్?"

"రాసింది సదువుతున్నది బిడ్డా. పొద్దంత నడిచినా వేడెక్కది, మోటారు గట్టిది, గవన్నీ సరే. అసలు ధర దీనికే. మాట ఎక్కిందా లేదా అని రాసినంక మల్ల సూస్తది. మీ డబ్బా రాసి వదిలేస్తది. ఎక్కిందో లేదో దానికేం ఫికర్?"

మా పెట్టె రాసిన సీడీని పెద్ద పెట్టెలో వేశాడు. పాట సగంలో ఎర్ర దీపం వెలిగి, అది సీడీని బయటికి తోసేసింది. అమ్మకిచ్చిన సీడీ గుర్తొచ్చింది. పైకి పరుగెత్తి అమ్మ అల్మరాలో వెతికాను. నేనిచ్చిన సీడీ చీరల మధ్య భద్రంగా ఉంది. తెచ్చి వేయించాను. మళ్ళీ ఎర్ర దీపమే. దాని మీద నా మాట ఒక్కటీ లేదు.

 బాబాయి పెద్ద పెట్టెలో కొత్త సీడీ పెట్టి, మైకు నా చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళాడు. మొదటిసారి చెప్పినంత బాగా చెప్పలేకపోయాను, ఏడుపొచ్చేసింది. ఈసారి పచ్చ దీపం వెలిగింది.

ఆ సాయంత్రం అమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. తీసి పక్కన పెట్టింది. మర్నాడు ఏడుపు సీన్లున్నాయి. అయినా నన్ను ఒళ్ళోకి లాక్కుని, ఏ హీరోయిన్‌దీ కాని బొంగురు గొంతుతో అంది. "వినిపించిందే, నాన్నా. మొన్న ఏమీ వినిపించలేదు, ఆడుకుంటూ చేశావనుకున్నా. ఇప్పుడు అంతా వినిపించింది."

ఆ సాయంత్రమంతా మాట్లాడుతూనే ఉంది. మర్నాడు గొంతు లేవక డబ్బింగ్ వాయిదా పడింది.

ఇప్పుడు అమ్మ లేదు. మధ్యాహ్నాలు టీవీలో అమ్మ గొంతు ఎవరెవరినో పిలుస్తుంది, నన్ను తప్ప. ఎవరికైనా ముఖ్యమైన మాట చెబితే, వినిపించిందా అని నేను రెండోసారి అడుగుతాను. పెద్దమ్మకు చాదస్తమని మా పిన్ని కూతుళ్ళ పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఆ సీడీ నా దగ్గరే ఉంది, కానీ అందులో ఉన్నది నా ఏడుపే. అమ్మ ఆ రోజు నాతో అన్న మాట ఏ సీడీ మీదా ఎక్కలేదు. అందుకే రోజూ ఒకసారి కళ్ళు మూసుకుని, ఉందా లేదా అని చూసుకుంటాను. ఆ బొంగురు గొంతు ఇంకా ఉంది.