కాశీలో వదిలేసిన గుల్లల ఇగురు

మేం కాపురముండే గజపతినగరం నుంచి నరసన్నపేట పక్కనున్న మా ఊరికి తిన్నగా పోయే రోడ్డుంది. పెళ్ళైన ఈ పాతికేళ్ళలో మేం తిన్నగా పోయింది మాత్రం తక్కువ. శ్రీకాకుళం దాకా వచ్చి సముద్రం వైపు బండి తిప్పేసేవాణ్ణి. వంశధార సముద్రంలో కలిసేచోట ఒక గుల్లల హోటలుంది. గుల్లలంటే ఆలిచిప్పలు. ఉప్పునీటి రాళ్ళని కరుచుకుని పెరుగుతాయి. వాటిని పగలగొట్టి, లోపలి మెత్తటి కండ తీసి, ఉల్లిపాయలూ అల్లం దట్టించి ఇగురు పెడతారు. పన్నెండు దాటి వెళ్తే ఖాళీ గిన్నె చూసి రావాల్సిందే.

మా ఆవిడ నాకు మేనమామ కూతురే. పుట్టి పెరిగింది గజపతినగరంలో. చెరువు చేప తప్ప మరొకటి ఎరగదు. పెళ్ళైన నెలకి స్కూటరు మీద అక్కడికి తీసుకెళ్ళాను. అప్పుడది తాటాకు పాక. బయట మనిషెత్తు చిప్పల గుట్ట. సున్నం కాల్చేవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళేవారు.

"ఏటి బావా, హోటలని సెప్పి సున్నంబట్టీకి తెచ్చావేటి?" అంది ఆ గుట్ట చూసి.

విస్తట్లో ఇగురు పడ్డాక చాలాసేపు దానివైపు అనుమానంగా చూసింది. చివరికి ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను నవ్వు ఆపుకుంటున్నాను. కళ్ళు తెరిచి తన విస్తరి ఖాళీ చేసింది. తర్వాత నా విస్తట్లో చెయ్యి పెట్టింది. ఆ రోజు నుంచి నా వాటా నాకు పూర్తిగా దక్కితే ఒట్టు.

"మెల్లగా తిను కూతురా, సముద్రం ఎక్కడికీ పారిపోదు" అనేది హోటలు నడిపే పెద్దావిడ.

ఒకసారి దారిలో వాన పట్టుకుంది. నిలువునా తడిసిపోయి వెళ్తే పెద్దావిడ మమ్మల్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి వడ్డించింది. మా ఆవిడ జుట్టు పిండుకుంటూనే నా విస్తట్లోవి ఏరుకుని తింది. నేను విసుక్కున్నాను. ఆ విసుగెంత సుఖంగా ఉండేదో అప్పుడు తెలియలేదు.

ఆరేళ్ళ క్రితం నా గుండెకి ఆపరేషన్ అయింది. గట్టెక్కితే ఇద్దరం కాశీ వస్తామని మా ఆవిడ మొక్కుకుంది. వెళ్ళాం. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలి రావాలి కదా, బతికినంతకాలం ఇక దాన్ని ముట్టకూడదు. దీనికి మా ఇంట్లో ఒక తెలివైన పద్ధతుంది. తిననిదాన్నే వదిలేయడం. మా పెదనాన్న సీతాఫలం గిట్టక సీతాఫలం వదిలాడు. నేనూ ఆ వంశంవాణ్ణే. కాకరకాయ వదిలేశాను.

మా ఆవిడ వంతు వచ్చింది. "గుల్లలు" అంది.

అక్కడి తెలుగు పంతులుగారు తెల్లమొహం వేశారు. "అది కాయా, పండా తల్లీ?"

"రెండూ కాదు. నాకు ఇష్టమైంది."

నాకు ఒళ్ళు మండింది. మెట్లెక్కుతూ దెబ్బలాడాను. శాస్త్రంలో కాయా పండూ అనే ఉందన్నాను, గుల్లలు లెక్కలోకి రావన్నాను. ఆవిడ ఆగి నావైపు చూసింది.

"పేణం అడిగి కాకరకాయ ఇస్తామేటి బావా?"

 అయినా నా బుద్ధి మారలేదు. తర్వాత కూడా ఊరెళ్ళినప్పుడల్లా ఆ హోటలుకే తీసుకెళ్ళేవాణ్ణి. నేను ఇగురు తెప్పించుకునేవాణ్ణి, ఆవిడ ఎదురుగా కూర్చుని పప్పన్నం తినేది. వాసనకైనా మనసు కరక్కపోతుందా అని నా ఆశ. నాకు కావలసింది ఒక్కటే. ఒక్కసారి ఆవిడ మళ్ళీ నా విస్తట్లో చెయ్యి పెట్టాలి. ఒంటరిగా తింటుంటే ఇగురు చప్పగా ఉండేది. ఆ పట్టుదల మీద నాకు కోపం కూడా వచ్చేది.

మొన్న వానాకాలంలో మళ్ళీ వెళ్ళాం. ఇప్పుడది డాబా, టోకెన్లిస్తున్నారు. పెద్దావిడ లేదు, కోడలు నడుపుతోంది. నాకు ఇగురు పెట్టి, మా ఆవిడకి పప్పుతో పాటు ఏదో వేపుడు వడ్డించింది. ఆవిడ ముందు వేపుడే తింది. మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడుగుతుంటే వంగి చూశాను. కాకరకాయ.

"నీకు కాకరకాయంటే ఇంత ఇష్టమా?"

"సిన్నప్పట్నుంచీ ఇష్టమే."

"మరి ఇంట్లో ఎప్పుడూ వండవేం?"

"కాశీకి ముందు వండుకునేదాన్ని. పక్క గిన్నెలో ఏటుందో నువ్వెప్పుడైనా సూసావా? తర్వాత నువ్వు వదిలేసావు కదా, మానేసాను."

"నాకు అసలు నచ్చదే అది! నీకు తెలీదా?"

"తెల్దేటి? అయినా వదిలింది వదిలిందే. నువ్వు వదిలిన దాన్ని నీ ఎదురుగా కూకుని ఎలా తింతాను? ఇయాల ఆకులో పడేసరికి నోరాగలేదు."

దెప్పిపొడవలేదు, మామూలుగానే అంది. తర్వాత నా విస్తరి చూపించి, "తిను బావా, సల్లారిపోతాది" అంది.

నాకు సిగ్గేసింది. ఆరేళ్ళుగా ఆవిడ వదిలిన దాన్ని ఆవిడ ఎదురుగా కూర్చునే తింటున్నాను, పైగా ఊరిస్తూ. నా ప్రాణానికి ఆవిడ ఒకటి కాదు, రెండు వదులుకుంది. రెండోది నా తెలివితేటల వల్ల పోయింది. ఇగురు సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

గజపతినగరం తిరిగొచ్చిన మర్నాడు బజారుకెళ్ళి కాకరకాయలు కొన్నాను. వదిలింది తినకూడదన్నారు గానీ వండకూడదని పంతులుగారు చెప్పలేదు. ఆవిణ్ణి వంటింట్లోకి రానివ్వకుండా నేనే తరిగాను, ఉప్పు రాసి పిండాను, సగం మాడ్చాను.

"రుసి సూడకుండానే దింపేసావేటి?" అంది కంచం ముందు కూర్చుంటూ.

"చూడకూడదు కదే."

ఆవిడ చాలాసేపు నవ్వింది. ఒక ముద్ద తిని, "ఉప్పెక్కువైంది బావా" అని, గిన్నె తన దగ్గరికి లాక్కుంది. నేను ఎదురుగా కూర్చుని పప్పన్నం తిన్నాను.