సత్తు పంకా

నా చిన్నప్పుడు, ఆరో తరగతి చదివే రోజుల్లో, ఒక ఆదివారం ఉదయం మా ఇంటి ముందు పందిట్లో ఉన్నవి ఇవి: పడవ వెనక తగిలించే మోటారు ఒకటి, దానికి పట్టే పంకాలు రెండు, గోనెపట్టా ఒకటి, రెంచీల సంచి ఒకటి. ఉన్న మనుషులు: మా నాయన, ఆయన పడవలో పనిచేసే చిన్నాన్నలు ఇద్దరు, మోటారు మేస్త్రి, చూడవచ్చిన వాడవాళ్ళు పదిమంది దాకా, నేను.

పంకా అంటే నీళ్ళను వెనక్కు తోసి పడవను ముందుకు నడిపే మూడు రెక్కల చక్రం. రెండింటిలో ఒకటి మోటారుతో పాటు వచ్చిన అల్యూమినియంది. మా వైపు అల్యూమినియాన్ని సత్తు అంటారు. సత్తు గిన్నెలో తినేవాళ్ళు లేనివాళ్ళని లెక్క. రెండోది మా నాయన మద్రాసు పోయి తెచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలుది. అప్పటికి మా వాడలో స్టీలు గ్లాసు ఉన్న ఇళ్ళు మూడు, అందులో ఒకటి మాది. ఆ పంకా అద్దంలా ఉంది. దాంట్లో ముఖం చూసుకోవడానికి పిల్లలు ఎగబడుతున్నారు.

మేస్త్రి అల్లూరు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. చుట్టుపక్కల నాలుగూళ్ళలో మోటారు విప్పి బిగించడం తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయనకు నత్తి. మాట మొదలుపెట్టడమే కష్టం. మొదలైతే నిదానంగా చివరిదాకా వెళ్ళేది. ఆ చివరిదాకా ఆగే ఓపిక మా వాడలో ఎవరికీ లేదు.

ఆయన రెండు పంకాలనూ చేత్తో ఎత్తి చూసి, సత్తుదాన్ని మోటారు దగ్గర పెట్టుకుని, స్టీలుదాన్ని పక్కకు జరిపాడు. అంత దూరం పోయి తెచ్చినదాన్ని పదిమంది ముందు పక్కకు జరిపేసరికి మా నాయనకు తల కొట్టేసినట్టయింది.

"నీలో సత్తు లేదు మేస్త్రీ, అందుకే నీకు సత్తు పంకా కావాల్సొచ్చింది," అన్నాడు.

సత్తు అంటే బలం అని కూడా అర్థం గనక అందరూ నవ్వారు. మేస్త్రి ఏదో చెప్పబోయాడు.

"అన్నా, మొ... మొ... మొగ కాడ..."

మొగ అంటే మా ఏరు సముద్రంలో కలిసే చోటు. పడవలు పోవడానికీ రావడానికీ అదొక్కటే దారి. అక్కడ నీళ్ళ కింద ఇసక మేట, ఆ మేటలో ఎప్పుడో కూరుకుపోయిన తాటి మొద్దులు. అదంతా అందరికీ తెలిసిందే. ఆయన చెప్పబోయింది ఆ తరవాతి మాట. దాన్ని నేను రానివ్వలేదు. బుగ్గలు పూరించి "మొ మొ మొ" అన్నాను. ఆ వెక్కిరింత బడిలో చాలాసార్లు చేసి మెప్పు పొందినదే. పందిరంతా ఘొల్లుమంది. మా నాయన అందరికన్నా ఎక్కువ నవ్వి నన్ను దగ్గరకు లాక్కున్నాడు.

"మావాడు మిషను బడిలో లెక్కల్లో ఫస్టు. వాడే చెప్తాడు. ఏదిరా?"

నేను రెంచీతో ఒక్కోదాన్నీ తట్టాను. సత్తుది టక్కుమంది. స్టీలుది గంటలా మోగింది. అంతకు మించిన పరీక్ష నాకు తెలియదు. స్టీలుదాని మీద చెయ్యి పెట్టాను.

మేస్త్రి నా వైపు చాలాసేపు చూశాడు. స్టీలు పంకా బిగించాడు. దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఇత్తడి పిన్ను వేయబోతే, అదీ స్టీలుదే ఉండాలన్నాడు మా నాయన. సంచిలో వెతికి అదీ వేశాడు. రెంచీలు ఒక్కొక్కటే తుడిచి పెట్టుకుని, మజ్జిగ కూడా తాగకుండా సైకిలెక్కాడు.

పడవ నిజంగానే వేగంగా పోయింది. తొమ్మిది రోజులు మా నాయన అందరికన్నా ముందు ఒడ్డుకొచ్చాడు. పదోరోజు మధ్యాహ్నం తిరిగొస్తుంటే మొగలో పంకా మొద్దుకు తగిలింది. నేను ఒడ్డునే ఉన్నాను. మోటారు అరుస్తూనే ఉంది, పడవ మాత్రం కదలడం లేదు. వెనక నుంచి వచ్చిన అల దాన్ని అడ్డం తిప్పింది, తరవాతి అల బోర్లా వేసింది. చిన్నాన్నలిద్దరూ ఈదుకుంటూ వచ్చారు. మా నాయన ఎడమకాలు పడవ అంచుకూ మొద్దుకూ మధ్య నలిగింది. నెల్లూరులో మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆయన్ను ఇంటికి తెచ్చిన మూడోరోజు మేస్త్రి వచ్చాడు. పలకరింపుకు వచ్చాడనుకుని మా అమ్మ పీట వేసింది. ఆయన కూర్చోలేదు. మొగలోంచి తీసిన మోటారును మా నాయన మంచం పక్కకు తెప్పించి అక్కడే విప్పాడు. పంకాకు ఒక్క రెక్కా వంగలేదు, ఇంకా మెరుస్తూనే ఉంది. లోపలి నుంచి నల్లటి నూనె, దాంతో పాటు విరిగిన గేరు పళ్ళు గోనెపట్టా మీద పడ్డాయి. ఆ గేరు తీసి నా చేతిలో పెట్టాడు.

"లెక్కల్లో ఫ... ఫస్టు గదా అబ్బయ్యా. లె... లెక్కపెట్టు."

నేను మా నాయన వైపు చూశాను. ఆయన గోడవైపు తిరిగాడు. మిగిలిన పళ్ళు లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టమన్నాడు. మొత్తం మూడుసార్లు, మంచం మీదికి వినపడేలా. మా అమ్మ ఏడుస్తూ చాలించమన్నా ఆపలేదు. ఆ తరవాత, ఆదివారం ఆగిపోయిన మాట చెప్పాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ నవ్వలేదు. సత్తుదైతే రెక్క వంగేది, లేకపోతే విరిగేది. మిగిలిన రెక్కలతో ఎట్లాగో ఒడ్డుకు చేరేవాళ్ళు. స్టీలుది వంగదు. తనకు తగిలిన దెబ్బంతా లోపలికి పంపుతుంది. ఇత్తడి పిన్ను ముందుగా తెగి గేర్లను కాపాడటానికే ఉంది, దాన్నీ వేయనివ్వలేదు.

తెలిసి ఎందుకు చెప్పలేదని మా అమ్మ అడిగింది. ఆయన ఆమె వైపు చూడలేదు. నన్నే చూశాడు.

"నన్ను చె... చెప్పనిచ్చినావా?"

అది నిజం. ఇంకొకటి కూడా నిజం. మధ్యలో తొమ్మిది రోజులున్నాయి. ఆయనకు సైకిలుంది. రాలేదు. నేను పెద్దయ్యాక మెకానికల్ డిప్లొమా చేసి మోటార్ల మధ్యే బతికాను. ఏ లోహం ఎంత దెబ్బకు వంగుతుందో, ఎంతకు విరుగుతుందో పట్టికలు చూసి చెప్పగలను. ఆ తొమ్మిది రోజులూ ఆయన ఏమనుకుంటూ గడిపాడో ఈనాటికీ చెప్పలేను.

నా కింద పనిచేసేవాళ్ళలో ఎవరికైనా మాట తడబడితే, అది పూర్తయ్యేదాకా చేతిలో పని ఆపి నిలబడతాను. వాళ్ళు దాన్ని నా మంచితనం అనుకుంటారు. అది భయం. సత్తు పంకా అటక మీద ఉంది, ఒక్కరోజు కూడా నీళ్ళు చూడలేదు. గేరు నా బల్ల మీద ఉంది. దానికి ఇరవై ఏడు పళ్ళుండాలి. పంతొమ్మిది ఉన్నాయి.