రెండు వేళ్ళ మడత

మా వదిన టైలరు. బడి యూనిఫాంలు కుట్టడంలో ఆమెకు పేరు. ఆ పేరంతా ఒక్క మడతలో ఉంది. ఏ పిల్లాడి లాగు కుట్టినా, ఏ పిల్ల గౌను కుట్టినా లోపలివైపు రెండు వేళ్ళ గుడ్డ అదనంగా మడిచి కుడుతుంది. "పిల్లలన్నాక పెరగరూ?" అంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ మడత విప్పితే చాలు, అదే బట్ట సరిపోతుంది. తల్లులు ఆమెను నెత్తిన పెట్టుకునేది అందుకే. నేను ఆమె ఆడపడుచుని. ఆ కొట్లోనే కాజాలు కుట్టి గుండీలు వేస్తాను. నాకు నోరెక్కువని మా అన్నయ్య అంటాడు. వదిన వేషాలు రోజంతా చూస్తూ నోరు మూసుకుని కూర్చోవడం ఎవరి తరమో ఆయనే చెప్పాలి మరి.

వదినకు ఒక అబ్బాయి ఉన్నాడు. నాలుగు కాళ్ళు, ఒక తోక. పేరు గుండీ. కుక్కపిల్లగా ఇంటికొచ్చిన మొదటిరోజే నా డబ్బాలోంచి ఒక గుండీ మింగేశాడు, అందుకని ఆ పేరు. మర్నాడు అది రావలసిన దారిన వచ్చింది. వదిన దాన్ని వేడినీళ్ళలో కడిగి, తన కూతురికి మొదట ఊడిన పన్ను దాచిన డబ్బాలోనే దాచింది. ఆ కూతురు ఇప్పుడు పెళ్ళయి రెండు వీధుల అవతల ఉంటోంది. వచ్చినప్పుడల్లా పై గదిలో మంచం మీద దర్జాగా పడుకున్న గుండీని చూసి మూతి తిప్పుకుంటుంది.

"చిన్నప్పుడు నేను ఆ మంచమెక్కి గెంతితే వీపు విమానం మోత మోగేది. వీడికి మాత్రం తలగడ కూడానా?"

"వాడు చిన్నపిల్లాడే!" అంటుంది వదిన. అక్కడితో వాదన అయిపోయినట్టే.

ఆమె కొలతల పుస్తకంలో ముందు పేజీలు పిల్లలవి, వెనక పేజీలు పెద్దవాళ్ళవి. గుండీ పేజీ ముందు భాగంలో, ఒకటో తరగతి వాళ్ళ మధ్య మొదలైంది. ఏటా బడులు తెరిచే ముందు పిల్లలతోపాటు వాడికీ కొలతలు తీసి, ఒక తరగతి పైకి పంపి, మిగిలిన నీలం గుడ్డతో కోటు కుట్టేది. దానికీ రెండు వేళ్ళ మడత! మొదటి రెండేళ్ళు తప్ప ఆ మడత విప్పిన పాపాన పోలేదు. అయినా మానలేదు. వీధిలో వాళ్ళు "ఏరా, పాఠాలు చదివావా?" అని వాడిని పలకరించేవారు. వాడు తోక ఊపేవాడు. వదిన మురిసిపోయేది.

ఈ ఏడాది వాడు పన్నెండో తరగతి. వదిన ఛాతీ చుట్టూ టేపు వేసి, అంకె చూసి మొహం చిట్లించింది. నిరుటికంటే రెండంగుళాలు తక్కువ.

"టేపు సాగిపోయిందే. సాగిన టేపు తక్కువే చూపిస్తుంది" అంది.

కొత్త టేపు తెప్పించింది. అదీ అంతే చెప్పింది. "ఈ కంపెనీ టేపులు మంచివి కావు" అని నిరుటి కొలతకే కోటు కుట్టేసింది. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి, టేపు మాట కాదని తన మాట నెగ్గించుకోవడం అదే మొదటిసారి. "వాడు చిక్కాడేమో వదినా" అన్నాను. నా మీద ఒంటికాలి మీద లేచింది.

కోటు తొడగబోతే ఇంకో గొడవ. ముందరి కాలెత్తి కోటు చేతిలో దూర్చగానే గుండీ కుయ్యోమన్నాడు. "బడి ఎగ్గొట్టే వేషాలు నా దగ్గరా?" అంది వదిన. పై గదికి మెట్లెక్కమంటే ఎక్కలేదు. పెంకితనం అంది, ముద్దు ఎక్కువై చెడిపోయాడంది, బిస్కెట్లు బంద్ చేసింది. కన్నకూతురి మీద వాడిన పెంపకమంతా మళ్ళీ బయటికి తీసింది. మూడు రోజులు పైమెట్టు మీద నిలబడి "రా, ఎక్కు, వస్తావా రావా!" అని ఒకటే కేకలు. మూడోరోజు గుండీ ఆరు మెట్లెక్కాడు. ఏడో మెట్టు మీద వెనక కాళ్ళు జారి, అక్కడే కూలబడి, కిందికీ రాక, పైకీ పోక, ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"పిల్లాడూ లేదు, పాడూ లేదు! ముందు డాక్టరు దగ్గరికి పద!" అని అరిచాను.

పశువుల డాక్టరు నడుం నొక్కి చూశాడు, కాళ్ళు వంచి చూశాడు. వయసెంత అని అడిగాడు.

"పన్నెండేళ్ళ పిల్లాడండీ" అంది వదిన.

"పిల్లాడేంటమ్మా! మన లెక్కలో ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన. కీళ్ళు అరిగిపోయాయి. మెట్లు ఎక్కిస్తే ఈ చలికాలానికల్లా వెనక కాళ్ళు పడిపోతాయి. ఎక్కించకపోతే, మందులు వాడితే, ఇంకో రెండేళ్ళు హాయిగా తిరుగుతాడు. కాళ్ళెత్తి తొడిగే బట్టలు వద్దు. ఆ అరుపు అల్లరి కాదు, నొప్పి."

వదిన ఆటోలో గుండీ తల ఒళ్ళో పెట్టుకుని, ఇల్లు కనబడ్డాక అంది.

"మా అత్తగారు చివరి రోజుల్లో చెయ్యెత్తలేకపోతే ఇలాగే మూలిగేది. నాకప్పుడు ఒక్క నిమిషంలో తెలిసింది. వీడికేమో మూడు రోజులు బిస్కెట్టు మాన్పించానే."

ఆవిడ అత్తగారంటే మా అమ్మ. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వదిన మీద అరిచినందుకు సిగ్గేసింది, అరవకపోతే ఏమయ్యేదో తలచుకుంటే భయం కూడా వేసింది.

ఆ సాయంత్రమే పై మంచం కింద కొట్లోకి దిగింది. మా అన్నయ్య గొణుక్కుంటూ మోశాడు. కోసిన గుడ్డల మూటల పక్కన ఇప్పుడు అన్నయ్యకీ, వదినకీ, గుండీకీ అక్కడే పడక. మర్నాడు వదిన పొద్దున్నే కూర్చుని కోటు కుట్లన్నీ విప్పింది. అమ్మ కోసం ఒకప్పుడు కుట్టిన రవికెలాగే, చేతులెత్తే పని లేకుండా పక్కన తెరుచుకుని నాడాలతో కట్టుకునేలా మళ్ళీ కుట్టింది. కొలతల పుస్తకం తిరగేసి, పెద్దవాళ్ళ పేజీల్లో, అమ్మ కొలతల కింద కొత్త అంకెలు రాసింది. ఈసారి టేపు ఎంత చెబితే అంతే రాసింది.

"లేవండి తాతగారూ, కోటు తొడుక్కుందురుగాని" అంది. ఆ మర్యాదకి నాకు నవ్వాగలేదు. పెద్దాయన పడుకునే తోక ఊపాడు. నాడాలు కట్టేదాకా ఒక్కసారి కూడా కుయ్యోమనలేదు.

అప్పుడు అంచు తిరగేసి చూశాను. లోపల రెండు వేళ్ళ మడత అలాగే ఉంది.

"ఏంటి వదినా ఇది? పెద్దాయన ఇంకా పెరుగుతాడా?"

వదిన నా వైపు చూడలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ, ఎక్కక, మళ్ళీ ఎక్కిస్తూ అంది.

"మందులు వేస్తున్నాంగా. ఒళ్ళు చేస్తాడేమో."

నేను ఆమె చేతిలోంచి సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాను.