గండుచీమ అసలు పేరు

ఈ మధ్య హైదరాబాదులో ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తారక్కడ. మా అక్క పెళ్లి క్యాసెట్టును దుకాణదారు యంత్రంలో పెట్టిన కాసేపటికి, వేడెక్కిన టేపు వాసన వచ్చింది. కాస్త పులిసినట్టూ, కాస్త కమిలిన ప్లాస్టిక్కులాగూ ఉండే ఆ వాసన తగలగానే నేను పెళ్లి చూడటం మరిచిపోయాను. హిందూపురంలో ఒక మిద్దె గదిలో, రెండు టీవీల మధ్య కూర్చుని, ముక్కు మీదికి జారిన కళ్లద్దాల మీదుగా చూస్తూ టేపును ముందుకూ వెనక్కూ తిప్పే హుసేన్ సార్ గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లైంది. హిందూపురం దాటితే ఆయన్ను ఎరిగినవాళ్లు తక్కువ. నాకు పని నేర్పింది మాత్రం ఆయనే.

మాది పెనుకొండ. మా నాయన అక్కడ బడి పంతులు. నా డిగ్రీ అయిపోయిన కొత్తల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటాక, హిందూపురంలో ఒక కేబులు ఛానెల్ మొదలైంది. సాయంత్రం స్థానిక వార్తలు, చీరల దుకాణాల ప్రకటనలు, పిల్లల పుట్టినరోజు శుభాకాంక్షలు, మధ్యమధ్యలో సినిమా పాటలు. యజమాని వేరే ఉన్నా, దాన్ని నడిపేది హుసేన్ సార్. వార్తలు రాసి చదివే ఉద్యోగానికి నన్ను తీసుకున్నారు. నేను రోజూ బస్సెక్కి వచ్చేదాన్ని. మొదట్లో నా రాతంతా పత్రికల భాషలో బిగుసుకుపోయి ఉండేది. ఆయన కాగితం తీసుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి, "ఈ మాట మీ అవ్వ అంటుందా రూతమ్మా?" అని అడిగేవారు. అనదు అని నేను తల ఊపితే ఆ మాట కొట్టేసేవారు. అలా కొట్టివేతలు పోగా మిగిలిన తెలుగే ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నది.

ఆయన తండ్రి హిందూపురంలో దర్జీ. ఈయన మాత్రం సినిమా పాటలు రాయాలని చిన్న వయసులో మద్రాసు వెళ్లిపోయారు. పాటలు ఎవరూ అడగలేదు. ఒక సినిమా వారపత్రికలో చేరి చాలా ఏళ్లు పనిచేశారు. సినిమావాళ్లు హైదరాబాదుకు తరలిపోయి ఆ పత్రిక మూతపడ్డాక, తొంభైల్లో ఊరికి తిరిగొచ్చి వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం పెట్టారు. ఊళ్లో అందరూ ఆయన్ను మద్రాసులో పెద్ద పత్రికకు ఎడిటరుగా చేసినాయన అనుకునేవారు. ఆయన అవుననీ కాదనీ అనేవారు కాదు.

అసలు సంగతి నాకొక మధ్యాహ్నం తెలిసింది. నేనొక సినిమా పత్రికలో గాలి కబుర్ల పేజీ చదువుతూ నవ్వుకుంటుంటే ఆయన వచ్చి చూశారు. ఆ పేజీలో ఏ హీరోయిన్ గురించి రాశారో పేరు లేకుండానే ఎలా పోల్చుకోగలిగావని అడిగారు. చెవికమ్మలు, కొత్త కారు, ఊటీ షూటింగు అని నేను గుర్తులు చెప్పాను.

"అదే కిటుకు రూతమ్మా. పేరు రాయకూడదు, చదివినోడికి పేరు తెలిసిపోవల్ల. కేసు పెట్టేకి ఉండదు, దాచుకునేకీ ఉండదు. నేను చానా ఏండ్లు ఇదే రాసినా. గండుచీమ అని నా పేరు."

నేను ఇంకా గట్టిగా నవ్వాను. ఆయనా నవ్వారు. గండుచీమ ఎవరిని ఎలా కుట్టిందో ఆ రోజు చాలా కథలు చెప్పారు. చెప్పడంలో ఆయన్ను మించినవారు లేరు. అయితే ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పవద్దన్నారు, ముఖ్యంగా వాళ్లింట్లో ఎత్తవద్దన్నారు. వాళ్లమ్మాయి షాహీన్‌కు గోరంట్లలో ఒక సంబంధం చూస్తున్న రోజులవి.

ఆ కథల్లోంచే మా సీరియల్ పుట్టింది. మద్రాసులో గాలి కబుర్లు రాసే ఒక విలేఖరి, ఆమె రాతలకు చిక్కిన ఒక హీరో, వాళ్ల చుట్టూ ఉన్న సినిమా లోకం. 'పేరు లేని వార్త' అని పేరు పెట్టుకున్నాం. మిద్దె మీది గదే పత్రికాఫీసు. పెనుకొండ కోటే సినిమా షూటింగు జరిగే చోటు. హీరోగా హిందూపురం బ్యాంకు గుమాస్తా ప్రసాదు దొరికాడు. విలేఖరి వేషానికి పద్మావతి వచ్చింది. ఆమె ధర్మవరంలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. భర్త శ్రీనివాసులు గూడ్సు రైలు గార్డు. పద్మావతి కాలేజీ రోజుల్లో నాటకాలాడిన మనిషి. పెన్ను నోట్లో పెట్టుకుని, ఒక కనుబొమ్మ పైకెత్తి, ఎవరి కొంప ముంచుదామా అని ఆలోచిస్తుంటే కెమెరా వెనక ఉన్న మాకే భయం వేసేది. ప్రతి ఆదివారం ఒక భాగం. వేసవి మొదలయ్యేసరికి మా ఛానెల్ వచ్చే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలోనూ జనం టీవీల ముందు కూర్చుని చూడసాగారు. బస్సులో కండక్టరు కూడా తరువాత ఏమవుతుందో చెప్పమని నన్ను సతాయించేవాడు.

అలాంటి రోజుల్లో ఒక స్థానిక వారపత్రిక చివరి పేజీలో నాలుగు వాక్యాలు పడ్డాయి. 'కోట ఎక్కిన జంటకు దిగిరావడానికి ఎందుకంత పొద్దుపోయిందో! ధర్మవరం పంతులమ్మకు హిందూపురం బ్యాంకు మీద అంత నమ్మకమెందుకో! గూడ్సు బండిలో ఊళ్లు తిరిగే మొగుడుగారూ, ఎర్రజెండా ఊపే వేళయింది. అంతా నటనేనంటారా, సరే!'

పత్రికను సార్ చేతికి ఇచ్చింది నేనే. ఆయన నిలబడే చదివారు. రెండోసారి చదివారు. "బాగా రాసినాడు," అన్నారు మెల్లగా. "నేనైనా ఇట్లే రాసేవాణ్ణి." ఆ మాట అన్నాక పత్రికను మడిచి బల్ల మీద బోర్లా పెట్టారు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

కోటమీద ప్రతి షూటింగులోనూ నేనున్నాను. ప్రసాదు తన సీను అయిపోగానే నీడ చూసుకుని నిద్రపోయేవాడు. ఇద్దరూ సీను బయట మాట్లాడుకున్న మాటలు కూడా తక్కువ. అయినా ఆ వారం పద్మావతి షూటింగుకు రాలేదు. బడివాళ్లు కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉండమన్నారని కబురు మాత్రం పంపింది. కేబులు యజమాని సంతోషంగా వచ్చాడు. ఇంతకన్నా పబ్లిసిటీ యాడ దొరుకుతాదని, ఆ వార్తను కూడా సీరియల్లో కలిపేద్దామని, ఆమె రాకపోతే ఇంకో అమ్మాయిని పెడదామని అన్నాడు. హుసేన్ సార్ ఆయనతో వాదించలేదు. ఈ ఆదివారం సీరియల్ రాదని చెప్పి, నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం బస్సెక్కారు.

మగ్గాల చప్పుడు మధ్యనుంచి ఆ వీధిలో నడుస్తుంటే అరుగుల మీది మనుషులు మాటలాపి మమ్మల్ని చూశారు. శ్రీనివాసులు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టున్నాడు, తెల్ల యూనిఫారం మార్చుకోలేదు. వాళ్లమ్మ గుమ్మం పక్కన రాట్నం ముందు కూర్చుని పట్టుపోగు చుడుతోంది. పద్మావతి మాకు నీళ్లిచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కోపగించుకుంటారనో, ఏడుస్తారనో నేను అనుకుంటూ వచ్చాను. అలాంటిదేమీ లేదు. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు, అంతే. అది ఇంకా కష్టంగా ఉంది.

సార్ ఓదార్పు మాటలేమీ చెప్పలేదు.

"శ్రీనివాసులూ, ఇట్లాంటివి నేను మద్రాసులో వారం వారం రాసినా. ఎట్లా రాస్తారో చెప్తా, విను. అచ్చుకు పోయే టయానికి పేజీలో కొంచెం చోటు మిగుల్తాది. ఆ వారం ఎవురి పేరు జనం నోట్లో ఉండాదో, వాళ్ల మీద ఒక ముక్క. నేను రాసిందాంట్లో నేను కండ్లతో చూసింది ఏదీ లేదు. ఒకసారి ఒక హీరోయిన్ వాళ్ల నాయన ఆఫీసుకు వచ్చినాడు. పెద్దాయన. కొడతాడేమో అనుకున్యా. కొట్టలేదు, తిట్టలేదు. నా బల్ల ముందర కూర్చుని, ఎవరు చూశారు బాబూ, అని అడిగినాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన కొంచేపు కూర్చుని లేచిపోయినాడు. ఆ పాప మళ్లీ సినిమాల్లో కనపడలేదు."

ఈ కథ ఆయన నాకు చెప్పిన కథల్లో లేదు. 

"నేను నమ్మలేదు సార్," అన్నాడు శ్రీనివాసులు. "ఈమెను నేనేమీ అనలేదు కూడా. కానీ స్టేషన్లో నేను పోతానే మాటలు ఆపేస్తాండారు. ఆ ఆపేది ఉండాదే, అది నాతో పాటు ఇంటికొస్తాంది."

వాళ్లమ్మ రాట్నం ఆపింది. "ఈ మాట ఈడ మాకు చెప్తే ఏం లాభం సామీ? చదివినోళ్లకు చెప్పల్ల," అంది.

హుసేన్ సార్ ఆమెవైపు తిరిగి, చెప్తానమ్మా అన్నారు. తరువాత పద్మావతిని అడిగారు. టీవీలో నేను మాట్లాడతాను, నీ గురించి ఏం చెప్పమంటే అది చెప్తాను, ఏమీ చెప్పొద్దంటే చెప్పను అన్నారు.  ఆ ఇంట్లో ఆ రోజు ఆమె మాట్లాడింది ఈ ఒక్క మాటే.

"నా పేరు చెప్పొద్దు సార్. మీ పేరు చెప్పండి."

తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గోరంట్లవాళ్లు వచ్చే వారమే మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారని నాకు తెలుసు. ఆగలేక, మీరేనని చెప్పనవసరం లేదు కదా సార్, నాకు తెలిసిన ఒక రచయిత ఇలా రాసేవాడని చెబితే సరిపోదా అన్నాను. ఆయన నావైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగానే నాకు పాఠం చెబుతున్నట్టుగా అన్నారు: "పేరు లేకుండా చెప్తే అది మళ్లా గండుచీమ రాతే గదమ్మా."

మర్నాడు సాయంత్రం నేను వార్తలు చదివి లేచాక ఆయన నా కుర్చీలో కూర్చున్నారు. ముందుగా ఏమీ రాసుకోలేదు. తన పేరు, తన తండ్రి పేరు చెప్పారు. మద్రాసులో తాను చేసిన ఉద్యోగం ఎడిటరుది కాదని, గండుచీమ పేరుతో గాలి కబుర్లు రాయడమేనని చెప్పారు. ఎలా రాసేవారో చెప్పారు. ఆ పెద్దాయన సంగతి చెప్పి, ఆయన అడిగిన ప్రశ్నకు తన దగ్గర ఇప్పటికీ జవాబు లేదన్నారు. మీ చేతికి అలాంటి రాత వస్తే మీరూ అదే ప్రశ్న అడగండి అని ముగించారు. పద్మావతి ఊసు గానీ, ఆ వారపత్రిక ఊసు గానీ ఎత్తలేదు. కెమెరా వెనక నిలబడిన నాకు మాత్రం ధర్మవరంలో ఆ మాటలు ఎవరెవరు వింటున్నారో కనిపిస్తూనే ఉంది.

ఊరు వెంటనే మారిపోలేదు. కొందరు ఆయన్ను పక్కకు పిలిచి మెచ్చుకున్నారు. కొందరు బజారులో వెనకనుంచి గండుచీమా అని పిలిచి నవ్వారు. గోరంట్లవాళ్లు ఆడపిల్లల పరువు తీసి బతికిన ఇంటితో వియ్యం వద్దని కబురు పంపారు. సార్ భార్య జుబేదమ్మగారు చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. పెట్టాల్సిన అన్నం పెట్టి లోపలికి వెళ్లిపోయేవారట. షాహీన్‌ను నేనొకసారి కలిస్తే ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పింది. నాన్న దాచిపెట్టి పెళ్లి చేసి ఉంటే, అది ఎప్పుడు బయటపడుతుందోనని ఆ ఇంట్లో రోజూ భయపడుతూ బతకాల్సి వచ్చేదంది. తరువాత కదిరిలో ఒక లెక్చరరుతో ఆమె పెళ్లయింది. పెళ్లిచూపులనాడే సార్ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పేశారట.

రెండు వారాలకు పద్మావతి పెనుకొండలో బస్సు దిగింది. వెనక వాళ్లత్త దిగింది. ఆమె చేతిలో టిఫిను క్యారియరు. కోడలు నటించేది ఏందో తన కళ్లతో చూసి పోతానని కోట ఎక్కింది. ఒక పెద్ద బండగుండు నీడన కూర్చుని రోజంతా చూసింది. సాయంత్రానికి ప్రసాదుకు నువ్వు మాట్లాడేది వినపడలేదు నాయనా, గట్టిగా చెప్పు అని సలహా కూడా ఇచ్చింది. ఆ తరువాత ప్రతి షూటింగుకూ వచ్చింది. వీధిలో ఎవరైనా ఏమైనా అంటే నేను చూసినాను, నువ్వు చూసినావా అని అడిగేదట.  బడివాళ్లు మాత్రం పద్మావతిని తిరిగి తీసుకోలేదు. ఆమె ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుని, తరువాత ప్రభుత్వ టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. సీరియల్ చివరి భాగం వచ్చిన ఆదివారం శ్రీనివాసులు స్టేషన్లో తనతో పనిచేసేవాళ్లను ఇంటికి పిలిచి అందరితో కలిసి చూశాడని ఆమే చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఉన్న గర్వం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను కొన్నాళ్లకు హైదరాబాదు వచ్చి ఒక వార్తా ఛానెల్లో చేరాను. సార్ పోయినప్పుడు వెళ్లి చూడగలిగాను. జుబేదమ్మగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన టీవీలో మాట్లాడిన రోజు గురించి చెబుతూ, నాకు ఆయన మీద కోపం పోయేకి చానా దినాలు పట్టింది రూతమ్మా, ఒకసారి ఆ కోపం పోయినాంక మాత్రం మళ్లా రాలేదు అన్నారు.

ఇప్పుడు నా బల్ల మీదికి రోజూ పేరు లేని వార్తలు వస్తుంటాయి. హుసేన్ సార్ దగ్గర పనిచేసినందువల్ల నేను చేయగలిగేది చిన్నదే. ఆ మనిషి ఫోను నంబరు సంపాదించి, నా పేరు చెప్పి, ఇలా రాయబోతున్నారు, మీరేమంటారు అని అడుగుతాను. నా కింద పనిచేసేవాళ్లకు ఇది చాదస్తంగా ఉంటుంది. మొన్న ఒక కొత్త నటి గురించి అలాగే ఫోను చేశాను.  

"ఇంతకుముందు ఎన్నో రాశారండీ," అంది ఆ అమ్మాయి. "అడిగింది మీరొక్కరే."

మేము ఆ వార్త వేయలేదు. వేరే ఛానెల్‌వాళ్లు వేశారు. నేను ఆ అమ్మాయి నంబరును ఫోనులో దాచుకున్నాను, పూర్తి పేరుతో.