బండల మేస్త్రీ తాత, అవ్వ దుప్పటి

నిన్న నవంబర్ 16, ఆదివారం. పొద్దున ఆరున్నరకి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద 'తాత' అని ఉంది.

ప్రతి ఆదివారం చర్చికి బయలుదేరే ముందు తాత నాకు ఫోన్ చేసేవాడు, లేచానో లేదో కనుక్కోవడానికి. అందుకే కళ్ళు తెరవకుండానే "లేసిన తాతా" అన్నాను.

అవతల అవ్వ గొంతు.

"మీ తాత లేస్తలేడు బిడ్డా."

వికారాబాద్‌లో హాస్టల్ నుంచి తాండూర్‌కి ఎలా వచ్చానో సరిగ్గా గుర్తు లేదు. ట్రైన్ ధారూర్ దాటాక ఎవరో ఒకావిడ నా చేతిలో నీళ్ళ బాటిల్ పెట్టింది. అది మాత్రం గుర్తుంది.

ఈరోజు మధ్యాహ్నం తాతని మట్టికి అప్పగించి వచ్చాం. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

ఆయన్ని చూడని ఫ్రెండ్స్ కోసం చెప్తాను. తాత అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. పేరు ఆశీర్వాదం. నలభై ఏళ్ళు బండలు పరిచిన మేస్త్రీ. తాండూర్‌లో చాలా ఇళ్ళల్లో మీరు నడిచేది ఆయన పరిచిన నేల మీదే. నడుము పట్టేశాక పని మానేశాడు.

అవ్వ క్రోషియా అల్లేది. చర్చిలో ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుందట. ఆమె అల్లిన టేబుల్ క్లాత్‌లన్నీ ఎవరెవరి పెళ్ళిళ్ళకో గిఫ్ట్‌లుగా వెళ్ళిపోయాయి. పోయిన సంవత్సరం మొదటిసారి తమ మంచం కోసమని ఒక దుప్పటి మొదలుపెట్టింది. రంగురంగుల ఊలుతో ఆరు మూలల ముక్కలు.

నేను హెక్సగాన్ అనేదాన్ని. తాత 'బిళ్ళలు' అనేవాడు. నాకు ఆ మాటే నచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ముక్కలన్నీ అల్లడం అయింది. వాటిని ఒకదానికొకటి కలపాల్సిన సమయానికి అవ్వకి పక్షవాతం వచ్చింది.

కుడి చెయ్యి పడిపోయింది. కొన్నాళ్ళకి మాట తిరిగొచ్చింది గానీ, అవ్వే మాట్లాడటం మానేసింది. పొద్దంతా గోడ వైపు తిరిగి పడుకునేది. బిళ్ళలన్నీ బియ్యం సంచిలో, మంచం కింద.

ఎండాకాలం సెలవులకి నేను అక్కడే ఉన్నాను. ఒకరోజు తాత ఆ సంచి లాగి అవ్వ మంచం ముందు నేల మీద గుమ్మరించాడు. సిమెంటు వేయకముందు బండల్ని ఉత్తిగా పేర్చి చూసుకుంటారు కదా, అలా పేర్చడం మొదలుపెట్టాడు. గది మధ్యలోంచి.

మంచం మీద నుంచి అవ్వ గొంతు వినిపించింది. "నడిమిట్ల నుంచి మొదలువెడ్తున్నవేంది?"

"బండలు గిట్లనే పరుస్తరు. నువ్వు పండుకో."

"పచ్చదాని పక్కన పచ్చదే వెట్టినవ్. కండ్లు గూడ పోయినయా?"

ఆ నెలలో అవ్వ అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

ఇక తాత సూది పట్టాడు. బండకీ బండకీ మధ్య సందు ఉండకూడదన్నది జీవితమంతా ఆయన నమ్మిన సూత్రం. దాన్నే ఊలు మీద ప్రయోగించాడు. ప్రతి కుట్టునీ గట్టిగా గుంజి బిగించాడు.

నాలుగు రోజుల తర్వాత గర్వంగా నేల మీద పరిచాడు.

అది పరుచుకోలేదు. అంచులు పైకి లేచి గంపలా నిలబడింది.

అవ్వ తల ఎత్తి చూసింది. "మస్తుగైంది మేస్త్రీ. బోర్లేస్తే కోడిని కమ్మొచ్చు."

అని తనే నవ్వింది. మూతి ఒక పక్కకి వంకర పోతున్నా ఆపుకోలేక నవ్వింది.

తాత నవ్వలేదు. ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం నాతో మెల్లగా అన్నాడు, "అది నవ్వుతదంటే దినాం ఒక తప్పు చేస్త బిడ్డా."

ఆ తర్వాత ఆయన చేసిన తప్పుల్లో నిజమైనవి ఎన్నో నాకు ఇప్పటికీ తెలియదు.

బిగించినదంతా విప్పాడు. అవ్వ ఎడమ చేత్తో చూపిస్తూ చెప్పేది. "గది దారం, బండ గాదు. జర లూజ్ ఇడువు." తాత "సరే టీచరమ్మా" అనేవాడు. వానలు పడే నాటికి అవ్వ మంచం వదిలి గుమ్మం దగ్గర కుర్చీలోకి వచ్చింది, ఆయన పనిని దగ్గర నుంచి తిట్టడానికి.

తాతతో పని చేసిన ఇంకో మేస్త్రీ ఒకసారి దారిన పోతూ ఆగాడు. "ఏం ఆశీర్వాదం, బతుకమ్మ పేరుస్తున్నవా?"

తాత కంటే ముందు అవ్వ అందుకుంది. "లోపల్కి రా. ముందుగాల నీ నోరు కుట్టి సూపిస్తడు."

పోయిన నెల తాత నన్ను అడిగాడు. "రెండు వరుసలే మిగిలినయి. వేళ్ళకి తిమ్మిర్లెక్కుతున్నయి బిడ్డా. వచ్చి జర నువ్వు గూడ నేర్చుకో."

సెమిస్టర్ ఎగ్జామ్స్ అయ్యాక వస్తానన్నాను.

ఎగ్జామ్స్ ఇంకా అవ్వలేదు.

నిన్న ఆ ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత అవ్వ ఎవరితోనూ మాట్లాడలేదు. పాస్టరయ్య ప్రార్థన చేసినప్పుడు కూడా పెదవి కదపలేదు. ఈరోజు మేం సమాధి దగ్గర నుంచి వచ్చేసరికి మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

అమ్మ నా వైపు చూసింది. ఇద్దరిదీ ఒకటే భయం. ఈసారి ఆమెని ఇటు తిప్పడానికి తాత లేడు.

మా మామ, అంటే అవ్వ కొడుకు, దుప్పటి తీసి, పెట్టెలో దాచడానికి మడత పెట్టబోయాడు. "సూస్తుంటే బాధైతది. సందూకల వెడ్త."

"మడత వెట్టకు."

అందరం అటు చూశాం. అవ్వ ఇటు తిరిగింది.

"పని కాలే. ఇంక రెండు వరుసలున్నయి." తర్వాత నన్ను చూసింది. "నీకు సూది పట్టొస్తదా?"

"రాదవ్వా."

"గాయనకు మాత్రం వచ్చెనా?"

అమ్మ ఏడుస్తూ నవ్వింది. నేను కూడా.

తాతా, నలభై ఏళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని పని చేసినవాడివి. ఇక నిమ్మళంగా నడుము వాల్చు. నువ్వున్న చోట నీకు ఏ నొప్పీ ఉండకూడదు.

రేపు నేను కాలేజీకి వెళ్ళడం లేదు. పొద్దున ఏడింటికి గుమ్మంలోకి ఎండ వస్తుంది. అవ్వ కుర్చీ అక్కడ వేసి, పక్కన నేల మీద కూర్చుంటాను. ఒక వరుస రేపే కలపాలి.